అడిగితే తప్ప చెప్పని మాత్ర

ఒంగోలు నుంచి పడమరగా పొదిలి, కనిగిరి, పామూరు దిశగా వెళ్ళి ఏ ఊరి హెల్త్ క్లినిక్‌లో కూర్చున్నా, అరవై దాటిన మనిషి తెచ్చే మందుల సంచిలో ఇంచుమించు అవే మాత్రలు కనిపిస్తాయి. బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. గ్యాస్‌కు పాంటొప్రజోల్. రిజిస్టర్‌లోకి ఎక్కేవి ఇవే. ఎక్కనిది ఇంకొకటి ఉంటుంది. అది సంచిలో ఉండదు, కొంగు ముడిలోనో చొక్కా జేబులోనో ఉంటుంది. డైక్లోఫెనాక్ కావచ్చు, ఎసిక్లోఫెనాక్ కావచ్చు. ఊళ్ళో దాని పేరు నొప్పుల బిళ్ళ. దాన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు కాబట్టి, ‘వేరే మందులేమైనా వాడుతున్నారా’ అని నర్సు అడిగినప్పుడు ‘ఏమీ లేవమ్మా’ అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కూడా కాదు.

నర్సింగ్ పాఠాల్లో ఈ మందులు వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. గుండె, రక్తనాళాల మందులు ఒకచోట, హార్మోన్లకు సంబంధించినవి మరోచోట, నొప్పి మందులు ఇంకోచోట. పరీక్షకు అలా చదివితే సరిపోతుంది. క్లినిక్ బల్ల ముందు మాత్రం ప్రశ్న మారుతుంది. ఇవన్నీ కలిసి ఆ మనిషి కిడ్నీల మీద ఏం చేస్తున్నాయి? నా దృష్టిలో గ్రామ స్థాయి నర్సుకు కావలసిన ఫార్మకాలజీలో, అంటే మందుల శాస్త్రంలో, సగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ ప్రాంతంలోనైతే సగం కంటే ఎక్కువే.

ఎందుకంటే ఇక్కడ నొప్పికి చరిత్ర ఉంది. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్న తీరు గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది. అందులో చెప్పిన రోగులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా వారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి ఒంగోలు కిందికి వచ్చాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. దాటిన బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వెన్నెముక బిగుసుకుపోతుంది, మోకాళ్ళు వంగవు, నడుము లేవనివ్వదు. దీనికి తోడు పొగాకు కొట్టడం, మిరప కోతలు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, మార్కాపురం పలకల గనులు. నొప్పి తగ్గేదాకా ఇంట్లో కూర్చుందామంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకే నొప్పుల బిళ్ళ.

ఇంకో చిక్కుముడి కూడా ఉంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే. కిడ్నీ బలహీనపడితే అది మరింతగా ఎముకల్లో నిలిచిపోతుంది. నొప్పి పెరిగితే మాత్రలు పెరుగుతాయి, మాత్రలు పెరిగితే కిడ్నీకి మరింత భారం.

ఎవరు రాయవచ్చు, ఎవరు ఇవ్వవచ్చు

ఈ విషయాన్ని త్వరగా దాటేద్దాం. బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ పూర్తిచేసిన నర్సులు తమ పరిధిలోని జబ్బులకు 2006 నుంచి దాదాపు అన్ని మందులనూ స్వయంగా రాస్తున్నారు. మన దగ్గర ఆ పరిస్థితి లేదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ కింద కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే పరిమిత లైసెన్సుకు చోటు కల్పించారు. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులను స్వతంత్రంగా రాయడం వరకే దాని పరిధి. మిగతావన్నీ డాక్టర్ పర్యవేక్షణలోనే. ఆచరణలో బీపీ, షుగర్ మందును మొదలుపెట్టేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్. నెలనెలా కొలిచి, అదే చీటీ మీద మందు ఇచ్చి, తేడా కనిపిస్తే ఫోనులోనో, ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ ద్వారానో డాక్టర్‌కు చెప్పేది ఊళ్ళో ఉన్న నర్సు. చీటీ రాసే అధికారం లేదు కాబట్టి మందు గురించి అంత లోతు అక్కరలేదని కొందరు అనుకుంటారు. నా లెక్క వేరు. డాక్టర్ ఆ మనిషిని చూసేది ఎప్పుడో ఒకసారి. ప్రతి నెలా చూసేది నర్సు. తేడాను ముందుగా పసిగట్టే అవకాశం ఆమెకే ఉంది.

కిడ్నీలో రెండు తూములు

కిడ్నీ వడపోత ఎలా సాగుతుందో తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలు ఉంటాయి. ప్రతి గుచ్ఛంలోకి ఒక సన్నని రక్తనాళం వస్తుంది, మరొకటి బయటికి పోతుంది. రక్తం వడకట్టబడాలంటే గుచ్ఛం లోపల తగినంత ఒత్తిడి ఉండాలి. సాగర్ కాలువ కింద దర్శి వైపు సేద్యం చేసేవారికి ఇది చెప్పనక్కరలేదు. నీళ్ళు వచ్చే తూము బాగా తెరిచి, పోయే తూము కాస్త బిగిస్తే మడిలో మట్టం నిలుస్తుంది. కిడ్నీలో వచ్చే తూమును తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. పోయే తూమును బిగించి ఉంచేది ఆంజియోటెన్సిన్ అనే హార్మోన్.

ఇప్పుడు మందులను ఒక్కొక్కటిగా చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటివన్నీ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకోవడం ద్వారానే నొప్పి తగ్గిస్తాయి. ఆ అడ్డంకి మోకాలి దగ్గరే ఆగదు. కిడ్నీలోనూ వచ్చే తూము ముడుచుకుంటుంది. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి బీపీ మాత్రలు ఆంజియోటెన్సిన్ పనిని తగ్గిస్తాయి. పోయే తూము వదులవుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ వంటి మూత్రం మాత్రలు కాలువలో నీటినే తగ్గిస్తాయి. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ సర్దుకుంటుంది. మూడూ కలిసినప్పుడు సర్దుకునే దారి మిగలదు. మూడూ కలిసిన తొలి నెల మరీ ప్రమాదం.

పైగా టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ తరచూ ఒకే మాత్రలో కలిసి వస్తాయి. స్ట్రిప్పు మీద పేరు చివర ‘హెచ్’ అని ఉంటుంది, అంతే. అంటే మూడింటిలో రెండు చీటీలోనే ఉన్నాయి, మూడోది కొంగులో ఉంది. దానికి మే నెల ఎండ, క్వారీలో చెమట, రెండు రోజుల విరేచనాలు తోడైతే కిడ్నీ ఒక్కసారిగా చతికిలపడుతుంది. ఇందులో నొప్పి ఏమీ ఉండదు. మూత్రం తగ్గుతుంది, నీరసం, వికారం. ఎండదెబ్బ అనుకుని ఒక సెలైన్, దాంతోపాటు ఒళ్ళు నొప్పులకు మళ్ళీ అదే డైక్లోఫెనాక్ ఇంజక్షన్. చాలాచోట్ల జరిగే వరస ఇదే.

డైక్లోఫెనాక్ కిడ్నీని ఎంత దెబ్బతీయగలదో మన దేశంలో మనుషులకంటే ముందు రాబందులు చూపించాయి. ఆ మందు వేసిన పశువులు చనిపోయాక, ఆ కళేబరాలను తిన్న రాబందులు కిడ్నీలు చెడి లక్షల సంఖ్యలో రాలిపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, నిజమే. అయినా పశువుకు వద్దనుకున్న మందు మనకు చీటీ లేకుండా కిళ్ళీ కొట్టు పక్క షాపులో దొరుకుతోందన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

బీపీ తగ్గడం లేదా, కాళ్ళు వాచాయా

నొప్పి మాత్రలు ఉప్పును, నీటిని ఒంట్లో నిలబెడతాయి. దానివల్ల బీపీ సగటున ఐదు పాయింట్ల వరకు పెరుగుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువే. టెల్మిసార్టాన్ పనిని, మూత్రం మాత్రల పనిని అవి నీరుగారుస్తాయి. ఆమ్లోడిపిన్‌కు ఆ దెబ్బ తక్కువ. కాబట్టి మూడు నెలలుగా క్రమం తప్పకుండా మాత్రలు వేసుకుంటున్నా బీపీ 160 దగ్గరే ఉన్న మనిషి గురించి డాక్టర్‌కు ఫోను చేసి, ఇంకో మాత్ర కలపాలా అని అడిగే ముందు నొప్పుల బిళ్ళ సంగతి తేల్చుకోవాలి. ఊరగాయ, ఎండుచేపల సంగతి కూడా. ఒక మందు తెచ్చిన బీపీకి మరో మందు కలపడం వైద్యంలో తెలిసిన ఉచ్చే, అయినా అందులో రోజూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు.

ఆ ఉచ్చు ఆమ్లోడిపిన్ దగ్గర మరో రూపంలో ఎదురవుతుంది. ఈ మాత్ర కొందరిలో చీలమండల దగ్గర వాపు తెస్తుంది. 5 మిల్లీగ్రాములు కాస్తా 10 అయినప్పుడు ఇది ఎక్కువ. ఒంట్లో నీరు పేరుకోవడం దీనికి కారణం కాదు. సన్నని రక్తనాళాలు విచ్చుకుని, నీరు కిందికి ఊరుతుంది. అందుకే మూత్రం మాత్ర ఇచ్చినా ఈ వాపు పెద్దగా తగ్గదు. కిడ్నీ జబ్బంటే భయం పాతుకుపోయిన ఊళ్ళలో కాళ్ళ వాపు కనిపించగానే కిడ్నీలు పోయాయని ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. నర్సు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పొద్దున లేవగానే ముఖం, కళ్ళ కింద ఉబ్బుతున్నాయా? మూత్రం నురగలు కడుతోందా? మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్‌తో పరీక్షిస్తే అల్బుమిన్ అనే ప్రోటీన్ కనిపిస్తోందా? ఇవేవీ లేకుండా సాయంత్రానికి చీలమండలు మాత్రమే ఉబ్బుతుంటే, మాత్ర ఎప్పుడు మొదలైందో, మోతాదు ఎప్పుడు పెరిగిందో కార్డులో చూసి డాక్టర్‌కు ఆ మాటే చెప్పాలి. తనంతట తాను ఆపేయకూడదు. రోగిని ఆపేయమని కూడా చెప్పకూడదు.

ఆమ్లోడిపిన్‌కు రెండు మంచి గుణాలున్నాయి. దాన్ని విరిచేది కాలేయం కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నవారికీ మోతాదు మార్చాల్సిన పని లేదు. ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది, సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. కాబట్టి నిన్న మరిచిపోయామని ఈ రోజు రెండు వేసుకోవలసిన అవసరం లేదు. మొదలుపెట్టిన మూడో రోజున బీపీ తగ్గలేదని కంగారు పడటానికీ లేదు, పూర్తి పని కనిపించడానికి వారం పైనే పడుతుంది.

కాపాడేదీ అదే, ఇబ్బంది పెట్టేదీ అదే

ఇంతదాకా చదివినవారికి టెల్మిసార్టాన్ మీద అనుమానం కలగవచ్చు. అలా కలిగితే నేను సరిగ్గా చెప్పలేదని అర్థం. మూత్రంలో అల్బుమిన్ పోతున్న షుగర్ రోగికి కిడ్నీని ఎక్కువ కాలం కాపాడే మందుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. గుచ్ఛంలో అతిగా ఉన్న ఒత్తిడిని తగ్గించడమే దాని మేలు. ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు ఆ తగ్గుదల రక్షణ. నీరు ఇంకిపోయినప్పుడు అదే తగ్గుదల చేటు.

అందుకే మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనిని అంచనా వేసే రక్తపరీక్ష), పొటాషియం పరీక్ష చేయించాలి. క్రియాటినిన్ కొద్దిగా పెరగడం ఊహించినదే. 30 శాతం లోపు పెరిగి అక్కడే నిలిస్తే సాధారణంగా మందు కొనసాగిస్తారు. అంతకు మించితే డాక్టర్ చూడాలి. వాంతులు, విరేచనాలు, తిండి తినలేనంత జ్వరం ఉన్న రోజుల్లో టెల్మిసార్టాన్ లేదా ఎనలాప్రిల్, మూత్రం మాత్ర, మెట్‌ఫార్మిన్‌లను తాత్కాలికంగా ఆపి, మామూలుగా తిని తాగడం మొదలైన ఒకటి రెండు రోజులకు మళ్ళీ వేసుకోమంటారు. ఆపమనడం, మళ్ళీ మొదలుపెట్టమనడం రెండూ డాక్టర్ మాట మీదే జరగాలి. వాస్తవంలో ఆపడం సులువుగానే జరుగుతుంది, మళ్ళీ మొదలుపెట్టడమే మరిచిపోతారు. ఆశా కార్యకర్తకు ఆ తేదీ చెప్పి ఉంచడం మంచిది.

పొటాషియం గురించి ఒక మాట. ఈ మాత్రలు పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతాయి, దెబ్బతిన్న కిడ్నీ కూడా అదే చేస్తుంది. అటువంటి మనిషికి ఎండాకాలం చలవ చేస్తుందని రోజూ రెండు కొబ్బరిబోండాలు తాగించడం ప్రేమే కానీ ప్రమాదం. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందస్తు హెచ్చరిక లేకుండా. ఇక గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీకి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ స్ట్రిప్పు చేతికిచ్చే ముందు నెలసరి తేదీ అడగడం తప్పనిసరి. కడుపులో బిడ్డ కిడ్నీలను ఇవి దెబ్బతీస్తాయి.

క్రియాటినిన్ సంఖ్య మోసం చేసే తీరు కూడా తెలిసి ఉండాలి. అది కండరం నుంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువున్నవారిలో తక్కువగా తయారవుతుంది. కిడ్నీ పని సుమారు సగం పోయేదాకా ఆ సంఖ్య పెద్దగా కదలదు కూడా. ల్యాబ్ కాగితం మీద 1.2 అని ఉంటే ఇరవై ఐదేళ్ళ కుర్రవాడికి వడపోత వేగం, అంటే ఈజీఎఫ్‌ఆర్, 86 దాకా వస్తుంది. అదే 1.2 అరవై ఐదేళ్ళ స్త్రీకి 50 మాత్రమే. 60 కంటే తక్కువగా మూడు నెలలు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. ఇద్దరి కాగితాల మీదా ‘నార్మల్’ అనే కనిపించవచ్చు. ఫోనులో ఉచిత కాలిక్యులేటర్లు ఉన్నాయి. వయసు, స్త్రీయా పురుషుడా, క్రియాటినిన్ ఎంత, ఈ మూడూ నింపితే సంఖ్య వస్తుంది. నింపాలి.

షుగర్ ‘నయమైంది’ అన్నప్పుడు

మెట్‌ఫార్మిన్ మారకుండా మూత్రంలో బయటికి పోతుంది. ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే కొత్తగా మొదలుపెట్టరు, వాడుతున్నవారికి మోతాదు తగ్గిస్తారు. 30 కంటే తగ్గితే ఆపేస్తారు. మిగతావారికి ఇది భద్రమైన మందు, ఒంటరిగా వాడితే షుగర్‌ను ప్రమాదకరంగా పడగొట్టదు. తిన్నాక వేసుకుంటే కడుపు ఉబ్బరం తగ్గుతుంది. ఏళ్ళ తరబడి వాడినవారిలో విటమిన్ బి12 తగ్గి అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు రావచ్చు. వాటిని షుగర్ వల్ల వచ్చిన నరాల జబ్బుగానే రాసేసుకుంటారు, బి12 పరీక్ష మాత్రం ఎవరూ చేయించరు.

గ్లిమిపిరైడ్ సంగతి పూర్తిగా వేరు. తిన్నా తినకపోయినా అది క్లోమం నుంచి ఇన్సులిన్‌ను పిండుతుంది. పొద్దున మాత్ర వేసుకుని, చద్దన్నం తినకుండా పొలం వెళ్ళిన మనిషి పదకొండు గంటలకు చెమటలు పట్టి, తడబడి పడిపోతే అది ఎండ కాకపోవచ్చు. షుగర్ 70 లోపు ఉండి, మింగగలిగే స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. ఆ మనిషి బీపీకి ఇచ్చే అటెనొలాల్ కూడా వాడుతుంటే గుండెదడ, వణుకు బయటపడవు. చెమట ఒక్కటే ఆనవాలు.

ఇక్కడ అందరూ పొరబడే ఒక మలుపు ఉంది. కిడ్నీ క్షీణించే కొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, గ్లిమిపిరైడ్ ప్రభావం కూడా సాగుతుంది. దాంతో ఏళ్ళుగా 250 దగ్గర ఉన్న షుగర్ ఏ మార్పూ లేకుండా 110కి వస్తుంది. ఏదో పసరు మందు పని చేసిందని ఇంట్లో సంబరం. నర్సు కూడా కార్డులో టిక్కు పెట్టి అభినందిస్తుంది. తిండి మారలేదు, బరువు కావాలని తగ్గలేదు, మందు పెంచలేదు, అయినా షుగర్ దిగివచ్చిందంటే అదే రోజు క్రియాటినిన్‌కు రాయించాలి. తర్వాత వచ్చేది ఒక రాత్రి షుగర్ పడిపోయి అపస్మారకం కావచ్చు.

అడిగే తీరు, ఇచ్చే ప్రత్యామ్నాయం

‘నొప్పి మాత్రలు వాడుతున్నారా’ అంటే లేదంటారు. ‘పెద్దమ్మా, మోకాళ్ళ నొప్పులకు నిన్న రాత్రి ఏం చేశారు?’ అంటే చెబుతారు. ‘పోయిన వారం సూది ఏమైనా వేయించుకున్నారా?’ అని కూడా అడగాలి. ఒళ్ళు నొప్పులకు ఊళ్ళో వేసే సూదుల్లో డైక్లోఫెనాక్‌తో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉండవచ్చు. అదైతే మూడు నాలుగు రోజులు షుగర్, బీపీ రెండూ ఎగబాకుతాయి. జ్వరానికి జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సూదులు వేయించుకుని ఉంటే అవి నేరుగా కిడ్నీ కణాలనే దెబ్బతీసే రకం. అడిగేటప్పుడు గద్దింపు ఉండకూడదు. ఒకసారి తిట్టు తిన్న మనిషి రెండోసారి నిజం చెప్పరు.

మానేయమని చెప్పి పంపేస్తే మానరు, రేపు మళ్ళీ పనికి వెళ్ళాలి కదా. చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి ముందుగా చూసేది పారాసెటమాల్. 650 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లంటే 1950 మిల్లీగ్రాములు. పెద్దవారికి గరిష్ఠ పరిమితి 4 గ్రాములు. బక్కగా ఉన్నవారికి, రోజూ తాగేవారికి 2 గ్రాములు దాటనివ్వకపోవడం క్షేమం. కాలేయ జబ్బు ఉంటే డాక్టర్‌ను అడిగాకే. అయితే షాపులో ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 కలిపిన మాత్రే ఎక్కువగా చేతికిస్తారు. ‘పారాసెటమాల్ వాడమన్నారు’ అంటే దాన్నే ఇచ్చేయవచ్చు. కాబట్టి స్ట్రిప్పు వెనక ఒక్క పేరే ఉండాలని చూపించి పంపాలి.

ఒకటి రెండు కీళ్ళకే నొప్పి పరిమితమైతే డైక్లోఫెనాక్ జెల్ ఉంది. చర్మం మీద పూసినప్పుడు రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే ఆరు శాతం లాంటిది, కానీ ఒళ్ళంతా పూసుకుంటే ఆ లెక్క చెల్లదు. వేడి కాపడం, తొడ కండరాలకు వ్యాయామం చెప్పడానికి తేలిక, చేయించడం కష్టం. ఇవేవీ ఆగనంత నొప్పి ఉండి, డాక్టర్ నాలుగు రోజులకు నొప్పి మాత్ర రాస్తే, ఆ నాలుగు రోజులూ మూత్రం మాత్ర, టెల్మిసార్టాన్ కొనసాగించాలా, క్రియాటినిన్ మళ్ళీ ఏ తేదీకి చూడాలి అన్నది ఫోను పెట్టేయకముందే ఆయన చేత చెప్పించుకుని, నొప్పి మాత్ర పేరుతో సహా కార్డు మీద రాయాలి.